కాయితాల్లేని బండి కొంటున్న మన ఊరి వాళ్ళకి, మన స్టేషన్ వాళ్ళకి ఒక బహిరంగ లేఖ

ఊరి పెద్దలకి, పంచాయతీ వారికి, సెంటర్లో నాతో పాటు టీ తాగే కుర్రాళ్ళకి, రొయ్యల చెరువుల రైతులకి, మన స్టేషన్ ఎస్సై గారికి నమస్కారాలండి.

ఇది రాయాలని మూడు నెలల్నించి అనుకుంటున్నాను, రాస్తే ఎవరెవరికి కోపాలొస్తాయో తెలుసు కాబట్టి ఆగాను, కానీ మొన్న రెండు వారాల్లో మన ఒక్క ఊళ్ళోనే మూడు బండ్లు పోయేసరికి ఇంక ఆగబుద్ధి కాలేదు.

మన ఊరు మంచి ఊరండి, అది ముందే చెప్పాలి. రాత్రి పది దాటాక కాలేజీ పిల్ల బస్సు దిగి ఒక్కత్తే కాలవ గట్టు మీద నడిచొచ్చినా ఎవరూ పల్లెత్తు మాట అనరు. పెరట్లో కొబ్బరికాయలు రాశి పోసి పెళ్ళికెళ్ళి వస్తే ఒక్క కాయ పోదు. తలుపు దగ్గరికి వేసి గొళ్ళెం పెట్టి చేలోకి వెళ్ళొచ్చే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, మా ఇల్లు కూడా అంతే. ఇంట్లో పడి దోచుకున్న దొంగతనం మన ఊళ్ళో ఎప్పుడు జరిగిందంటే మా అమ్మ కూడా కాసేపు ఆలోచించి చెప్పాలి. అలాంటి ఊళ్ళో బండ్లు మాత్రం ఎందుకు పోతున్నాయి? అందరూ అడుగుతున్నారు, అందరూ బయటోళ్ళ మీద తోసేస్తున్నారు. నేను ఈ లేఖలో చెప్పేది మాత్రం వేరే, బండ్లు పోతుంది మన ఊళ్ళో దొంగలు ఎక్కువై కాదు, కొనేవాళ్ళు ఎక్కువై.

మా వీధి చివర కొబ్బరి ఒలుపు చేసే బాబాయి మీ అందరికీ తెలిసినోడే. ఆయన ఎక్సెల్ మోపెడ్ పోయిన రోజు పొద్దున్న పిన్ని కేకలేస్తే మేమంతా వెళ్ళాం. పాక పక్కన మట్టిలో స్టాండు దిగిన రెండు గుంటలు, మధ్యలో ఆయిల్ కారి కారి నల్లబడ్డ మచ్చ, అంతే ఉంది. బండికి కట్టిన గోనె సంచిలో ఒలుపు గునపం, సద్ది గిన్నె, చిన్న పిల్లకి కొన్న మందుల చీటీ కూడా దాంతోనే పోయాయి. బాబాయి ఏడవలేదు, ఆ మచ్చ దగ్గర గొంతుక్కూర్చుని వేలితో ఆయిల్ మట్టి గీకుతూ "తాళం బండికే ఉంది రా" అన్నాడు, ఒక్క మాటే. ఎన్నేళ్ళుగానో తాళం బండికే ఉంటుంది, ఆయన ఒక్కడికే కాదు, మన ఊళ్ళో సగం బండ్లకి అంతే, ఎవరికైనా అవసరం పడితే తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చి పెడతారని. అలా పెట్టగలగడం తప్పని నేను అనను, ఆ నమ్మకం మీదే కదా మనం ఇన్నాళ్ళు బతికింది.

ఆ తర్వాత ఆయనకి ఎంత కష్టమైందో కొంచెం వినండి. ఒలుపు కూలీ కాయ లెక్కన ఇస్తారు, తెల్లారకముందే తోటలో ఉంటేనే గిట్టుద్ది. బండి లేక ఎవరి వెనకాలో ఎక్కి వెళ్ళడం, వాళ్ళు రాకపోతే నడిచెళ్ళడం, ఆలస్యమైతే ఆ రోజు పని వేరేవాళ్ళకి పోవడం. కొత్త ఎక్సెల్ కొనాలంటే ఇప్పుడు 50 వేల పైమాట. ఇన్సూరెన్స్ ఉంది కదా అని నేనే అడిగాను, తీరా కాయితం చూస్తే థర్డ్ పార్టీ. మనలో చాలామందికి ఇదే తెలీదు, థర్డ్ పార్టీ అంటే మన బండి ఎవరినైనా గుద్దితే వాళ్ళకి ఇచ్చేది, మన బండి పోతే దాంట్లోంచి రూపాయి రాదు. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బండి కొన్నప్పుడే అయిదేళ్ళ థర్డ్ పార్టీ కట్టించుకుంటున్నారు, ఆ అయిదేళ్ళు చూసి బండికి ఫుల్లుగా ఇన్సూరెన్స్ ఉందనుకుంటున్నాం.

దాదాపు నాలుగు నెలల తర్వాత దొరికిందండి బండి. ఎక్కడ? వేరే మండలంలో రొయ్యల చెరువు గట్టు మీద, మేత బస్తాలు మోస్తూ. నంబర్ ప్లేట్ లేదు, నీలం బండికి నల్ల రంగు కొట్టేశారు. మా బావమరిది అటు మేత లోడు మీద వెళ్ళి వెనక క్యారేజీ చూసి గుర్తుపట్టాడు, ఎందుకంటే బాబాయి పాత సైకిల్ స్టాండు ముక్క తెచ్చి ఆ క్యారేజీకి కొక్కెంలాగా వెల్డింగ్ చేయించాడు, ఆ వెల్డింగ్ వంకరగా వచ్చింది, రంగు కొట్టినా వంకర పోలేదు. చెరువు ఆయన్ని అడిగితే దాచలేదు, 9 వేలకి కొన్నానన్నాడు, ఫైనాన్స్ కట్టకపోతే లాక్కొచ్చిన బండి అని చెప్పారంట, కాయితాలు నెలలో వస్తాయన్నారంట. అమ్మింది ఎవరయ్యా అంటే మన ఊరి కుర్రాడే. పేరు రాయను, కేసు నడుస్తుంది, పైగా వాళ్ళమ్మ నాకు చిన్నప్పుడు అన్నం పెట్టిన మనిషి.

ఆ చెరువు ఆయన చెడ్డవాడు కాదు. నేను ఆయనతో గంట సేపు మాట్లాడాను. గుడికి చందా ఇస్తాడు, పనోళ్ళకి జీతం ఆపడు. ఆయన అన్న మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు: "గట్టు మీద తిరిగే బండికి కాయితాలెందుకు బాబూ". ఇదీ అసలు కారణం. మన కోనసీమలో ఎన్ని బండ్లు ఎప్పటికీ మెయిన్ రోడ్డు ఎక్కవో లెక్కేసుకోండి. చెరువు గట్ల మీద తిరిగేవి, కొబ్బరి తోటల్లో తిరిగేవి, లంకల్లో అరటి గెలలు మోసేవి, ఇటుక బట్టీల దగ్గర ఉండేవి. వాటిని ఎవరూ ఆపరు, ఎవరూ ఆర్సీ అడగరు, ఇన్సూరెన్స్ అడగరు. రోడ్డెక్కని బండికి గిరాకీ ఉన్నంతకాలం దొంగకి నంబర్ మార్చే పని కూడా లేదు, పీకి కాలవలో పడేస్తే చాలు. హైదరాబాద్‌లో పోయిన బండిని ముక్కలు చేసి పార్టులుగా అమ్ముతారంటారు, ఇక్కడ అంత కష్టం కూడా అక్కర్లేదు.

మాట వరసకి అందరం అంటాం కదా, 30 వేల బండి 9 వేలకి ఎవడిస్తాడు అని. ఆ మాట మనకి తెలిసీ కొంటున్నాం. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అందులో దొంగతనానికి సెక్షన్ 303, దొంగసొత్తు తీసుకున్నందుకు సెక్షన్ 317, రెండిట్లోనూ మామూలు కేసులో మూడేళ్ళ దాకా శిక్ష ఉంది. అంటే దొంగిలించినోడికే కాదు, కొన్నోడికీ జైలు శిక్ష పడొచ్చు. తెలీక కొన్నాను అంటే సరిపోదు, దొంగసొత్తని నమ్మడానికి కారణం కనపడుతున్నా కూడా చాలు అని ఆ సెక్షన్‌లోనే ఉంది. మూడో వంతు రేటు, పీకేసిన ప్లేటు, తర్వాత వస్తాయన్న కాయితాలు, ఇంతకన్నా కారణం ఏం కనపడాలి?

ఇక రెండో సంగతి, ఇది నా మీద నేను కూడా చెప్పుకోవాలి. కాయితాలున్న బండ్లు కూడా మన ఊళ్ళో ఎవరి పేరు మీద ఎవరు నడుపుతున్నారో ఎవరికీ తెలీదు. నా బండి నేను సెకండ్ హ్యాండ్‌లో కొని మూడేళ్ళయింది, మొన్న మొన్నటి దాకా నా పేరు మీదకి మార్చుకోలేదు, అది తప్పే. దుబాయ్ వెళ్తూ అన్న తమ్ముడికిచ్చినవి, కువైట్ నుంచి డబ్బు పంపితే కొన్నవి, అల్లుడికిచ్చినవి, అప్పు కింద జమేసుకున్నవి, అన్నీ పాత ఓనర్ పేరు మీదే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం అమ్మినవాడు 14 రోజుల్లో ఆర్టీవోకి తెలపాలి, ఫారం 29, ఫారం 30, అంతే, అదేం పెద్ద పని కాదు. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, రికార్డులో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ నష్టపరిహారానికి వాళ్ళే బాధ్యులు అని, బండి మధ్యలో ఎంతమంది చేతులు మారినా సరే. ఇది మామూలుగా అమ్మినోళ్ళని భయపెట్టడానికి చెప్తారు, కానీ నేను చెప్పేది ఏంటంటే, పదిమందిలో ఆరుగురు వేరేవాళ్ళ పేరు మీద బండి నడిపే ఊళ్ళో దొంగబండి నడిపేవాడు దాక్కోవాల్సిన పనే లేదు. కానిస్టేబుల్ ఆపి "ఎవరిదిరా బండి" అంటే "మా బావదండి" అంటాడు, నేనూ అదే అన్నాను మూడేళ్ళు. నిజం చెప్పేవాడు, అబద్ధం చెప్పేవాడు ఒకే జవాబు చెప్తుంటే పోలీసు ఏం చెయ్యగలడు?

నంబర్ల సంగతి కూడా. మా నాన్న సెంటర్లో కూర్చుని వచ్చే పోయే బండి చూసి చెప్పేవాడు, ఏపీ 05 అంటే మన తూర్పు, 37 అంటే పశ్చిమం, 31 అంటే విశాఖ, 16 అంటే కృష్ణా. కొత్త నంబర్ బండి రెండు రోజులు ఊళ్ళో తిరిగితే ఎవరింటికొచ్చారని నలుగురు అడిగేవారు. 2019లో రాష్ట్రమంతా కొత్త బండ్లకి ఏపీ 39 చేసేశారు, ఆఫీసు పనికి మంచిదే అయ్యుండొచ్చు, కానీ ఊళ్ళో చూసే కళ్ళకి ఆ గుర్తు పోయింది. దాని బదులు 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకి హై సెక్యూరిటీ ప్లేటు వచ్చింది, దాని మీద అశోక చక్రం హోలోగ్రామ్, లేజర్‌తో కొట్టిన సీరియల్ నంబర్ ఉంటాయి, ఒకసారి బిగిస్తే ఊడదీసి మళ్ళీ పెట్టలేని లాక్ ఉంటుంది. మన కుర్రాళ్ళు ఏం చేస్తున్నారు, షోరూమ్ నుంచి వచ్చిన వారంలో ఆ ప్లేటు విరగ్గొట్టి హీరో బొమ్మో, కులం పేరో, వంకర అంకెలో వేసిన ప్లేటు పెడుతున్నారు. తమ్ముళ్ళూ, మీ అభిమానం మీద నాకేం కోపం లేదు, ట్యాంకు మీద వేసుకోండి, వెనక అద్దం మీద వేసుకోండి. ఆ ఒక్క ప్లేటు మాత్రం వదిలెయ్యండి.

ఇప్పుడు పెద్దలకి. మీకు కోపం వచ్చే భాగం ఇదే. బాబాయి బండి అమ్మిన కుర్రాడు దాంతో మొదలెట్టలేదు. ఏడాది కిందట బండ్లలో పెట్రోల్ పైపు పెట్టి లాగుతూ దొరికాడు, గుర్తుందా? లీటరు 110 దగ్గరుంది కదా, రాత్రికి నాలుగు బండ్లు లాగితే మర్నాటి ఖర్చు వెళ్ళిపోద్ది. అప్పుడు రామాలయం దగ్గర కూర్చోబెట్టి 2 వేలు తప్పు వేసి, మనోడే కదా, పిల్లోడు, భవిష్యత్తు పాడవుద్ది అని వదిలేశారు. నేనూ అక్కడే ఉన్నాను, నేనూ తలూపాను. ఆ 2 వేలు వాళ్ళమ్మ కట్టింది. వాడికి అప్పటికే ఫోన్లో క్రికెట్ బెట్టింగ్ అప్పులున్నాయని ఆ రోజు ఎవరూ అడగలేదు, ఎందుకు లాగావురా అని కూడా సరిగ్గా అడగలేదు, ఎంత కడతావని అడిగాం. తర్వాత ఆటో బ్యాటరీ ఒకటి పోయింది, ఎవరని తేలలేదు. ఆ తర్వాత బండి. ఇప్పుడు వాడి మీద కేసుంది, ఏ భవిష్యత్తు కోసం దాచామో అదే పోయింది. పెట్రోల్ రోజునే వాడి అప్పు సంగతి, ఆ డబ్బు అప్పిచ్చినోళ్ళ సంగతి పట్టుకునుంటే బాబాయి నాలుగు నెలలు నడిచేవాడు కాదు, ఆ తల్లి ఇవాళ కోర్టు చుట్టూ తిరిగేది కాదు.

ఎస్సై గారికి చెప్పాల్సింది కూడా ఉందండి, గౌరవంతోనే చెప్తున్నాను. బాబాయి బండి పోయిన రోజే మేం స్టేషన్‌కి వచ్చాం. "కుర్రాళ్ళెవరో తిరగడానికి తీసుకెళ్ళుంటారు, రెండ్రోజులు చుట్టుపక్కల వెతుక్కోండి" అన్నారు. ఎఫ్ఐఆర్ అయ్యింది తొమ్మిదో రోజున. దొంగతనం కాగ్నిజబుల్ నేరం, అంటే కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు కేసు కట్టగల నేరం, అలాంటి ఫిర్యాదొస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లోనే లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాత సీఆర్పీసీ బదులు వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం ఆన్‌లైన్‌లో కూడా ఇవ్వొచ్చు, మూడు రోజుల్లో వచ్చి సంతకం పెడితే చాలు, మన స్టేషన్ పరిధి కాకపోయినా తీసుకోవాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. మీ మీద పని ఎంతుందో నాకు తెలుసు, ఉన్న మనుషులు ఎంతమందో కూడా కళ్ళతో చూశాను, కేసులు పెరిగితే పైనుంచి ఏమంటారో అన్న భయం ఉంటుందేమో కూడా. కానీ ఇన్సూరెన్స్ ఉన్నవాడికైనా ఆ కాయితమే ఆధారం. 2020లో గుర్షిందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, బండి పోగానే పోలీసులకి వెంటనే చెప్పుంటే, కంపెనీకి చెప్పడం ఆలస్యమైందని క్లెయిమ్ కొట్టెయ్యకూడదు అంది. అంటే మొత్తం బలం ఆ మొదటి రోజు ఎఫ్ఐఆర్‌లోనే ఉంది. దాన్ని తొమ్మిది రోజులు వెనక్కి నెడితే మనిషిని ఒడ్డు దాకా వచ్చాక నీళ్ళలోకి తోసినట్టే.

ఇంకొకటి, ఇది మాత్రం నేను రోజూ ఆలోచించే విషయం. మన కోనసీమ చుట్టూ గౌతమి, వశిష్ఠ, సముద్రం. బండి బయటికి పోవాలంటే గోదారి దాటాలి. దాటే చోట్లు వేళ్ళ మీద లెక్కెట్టొచ్చు: రావులపాలెం నుంచి జొన్నాడ వైపు బ్రిడ్జి, ఇటు సిద్ధాంతం బ్రిడ్జి, ఎదుర్లంక యానాం బ్రిడ్జి, దిండి చించినాడ బ్రిడ్జి, బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ దారి, ముక్తేశ్వరం కోటిపల్లి పంటు (బండ్లని, మనుషుల్ని గోదారి దాటించే పడవ), సఖినేటిపల్లి నర్సాపురం పంటు. ఊరూరా వంద కెమెరాలు పెట్టి సగం చెడిపోయి వేలాడేకన్నా ఈ చోట్ల రాత్రిపూట కూడా నంబర్ కనపడే కెమెరాలు పెట్టి, ప్లేటు లేని బండిని ప్రతిసారీ ఆపితే చాలు కదండి. పంటు ఎక్కించేటప్పుడు ఎలాగూ బండికి టికెట్ కొడతారు, ఆ టికెట్ మీద నంబర్ రాయడానికి ఎంతసేపు? సంక్రాంతి పందాల రోజుల్లో, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి, అంతర్వేది రథానికి, వాడపల్లి శనివారాలకి ఎన్ని వేల బండ్లు ఒకేచోట ఆగుతాయో మీకే బాగా తెలుసు, అక్కడ పార్కింగ్ డబ్బులు తీసుకునేవాళ్ళు టోకెన్ ముక్క చింపి ఇస్తున్నారు, దాని మీద బండి నంబర్ వెయ్యమని, వెళ్ళేటప్పుడు టోకెన్ చూసి పంపమని గట్టిగా చెప్పండి.

బయటికి దాటకుండా లోపలే ఉండిపోయే బండ్లకి మాత్రం బ్రిడ్జి కెమెరా పని చెయ్యదు, వాటికి చెరువు గట్ల మీదకే వెళ్ళాలి. నేను రొయ్యల రైతుల్ని కోరేది ఇదే. ఈ ఆదివారం మీ చెరువుల దగ్గరున్న బండ్లన్నీ ఒక్కసారి చూసుకోండి. ఛాసిస్ నంబర్ హ్యాండిల్ కింద మెడ దగ్గర కొట్టుంటుంది, ఇంజన్ నంబర్ ఇంజన్ మీదే ఉంటుంది. వాటితో డిజిటల్ పోలీస్ సైట్‌లో వాహన్ సమన్వయ్ అని ఉంటుంది, ఆ బండి ఎక్కడైనా పోయినట్టు రికార్డయిందా అని చూడొచ్చు, నంబర్ ఉంటే ఎంపరివాహన్ యాప్‌లో కొట్టినా వివరాలొస్తాయి. ఫోన్ వాడటం రాకపోతే నా షాపుకి తీసుకురండి, నేను చూసి పెడతాను, ఎవరిదని అడగను, డబ్బులొద్దు. నంబర్ గీకేసి ఉంటే మాత్రం అది మంచి బండి కాదని మీకే తెలిసిపోద్ది, గీకేసినా ల్యాబులో యాసిడ్ పెట్టి కింద అంకెలు బయటికి తీస్తారు, కాబట్టి దాచి లాభం లేదు. తేడా ఉందనిపిస్తే మీ అంతట మీరే స్టేషన్లో చెప్పండి. ఎస్సై గారూ, అలా తమంతట తాము వచ్చినవాళ్ళతో మాట్లాడేటప్పుడు దొంగతో మాట్లాడినట్టు మాట్లాడకండి, మొదటివాడికి మర్యాద దొరికితేనే రెండోవాడు వస్తాడు.

చివరిగా బాబాయి ఎక్సెల్ గురించి. దొరికింది అని చెప్పాను కదా, ఇంకా ఆయన చేతికి రాలేదు. స్టేషన్ ఆవరణలో వేపచెట్టు కింద పాత బండ్ల వరసలో ఉంది, వెనక టైరులో గాలి పోయింది, సీటు కవరు ఎండకి పగిలింది. 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఫొటోలు తీసుకుని, బాండు రాయించుకుని, ఓనర్‌కి త్వరగా ఇచ్చెయ్యాలి, స్టేషన్లలో బండ్లు కుళ్ళబెట్టకూడదు అని. కోర్టులో పిటిషన్ వేశాం, స్టేషన్ నుంచి రిపోర్టు వెళ్ళాలన్నారు, రెండు వాయిదాలు అయిపోయాయి. సోమవారం మళ్ళీ వాయిదా ఉంది. ఆ రిపోర్టు ఈ శనివారంలోగా పంపించండి సార్, కొబ్బరి దింపులు మొదలవుతున్నాయి, ఆయనకి బండి కావాలి.

ఇట్లు
సెంటర్లో సెల్ రిపేర్ షాపు వాడు